రెండో కంట్రోలర్ ఊరికే కూర్చోదు

చక్కెర మిల్లులో క్రషింగ్ సీజన్ జోరుగా నడుస్తోంది. యార్డులో చెరకు బండ్లు బారులు తీరాయి. బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టాన్ని కనిపెడుతూ ఫీడ్ వాటర్ వాల్వును కాస్త తెరిచి, కాస్త మూసే పీఎల్‌సీ అనే కంట్రోలర్ ఉన్నట్టుండి మొరాయించిందనుకోండి. బాయిలర్ ట్రిప్ అవుతుంది. ఆవిరి లేకపోతే మిల్లూ లేదు. పాడైన కార్డు మార్చడం చిటికెలో పనే కావచ్చు కానీ, చల్లారిన బాయిలర్ మళ్లీ ప్రెషర్ అందుకోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా కోసిన చెరకులో పంచదార తగ్గిపోతూ ఉంటుంది.

అందుకే ఆగితే కొంప మునిగే చోట కంట్రోలర్లను జంటగా పెడతారు. ఈ ఏర్పాటు పేరు రిడండెన్సీ.

రెండోది డిక్కీలో పడుండే స్టెప్నీ కాదు. పీఎల్‌సీ సెన్సర్ల నుంచి వచ్చే విలువలు చదువుతుంది, ప్రోగ్రాం నడుపుతుంది, వాల్వులకూ మోటార్లకూ ఆదేశాలు పంపుతుంది. ఈ స్కాన్ సెకనులో ఎన్నోసార్లు తిరుగుతుంది. టైమర్ ఎక్కడిదాకా వచ్చింది, వాల్వు ఎంత తెరిచి ఉంది అనే వివరాలన్నీ పనిలో ఉన్న ప్రైమరీ నుంచి పక్కన సిద్ధంగా ఉండే స్టాండ్‌బైకి ఫైబర్ కేబుళ్ల మీద అందుతూనే ఉంటాయి. ప్రైమరీ పడిపోతే స్టాండ్‌బై సరిగ్గా అక్కడి నుంచే అందుకుంటుంది. వాల్వు ఉలిక్కిపడదు.

బిగించేటప్పుడు నియమాలు కచ్చితం. రాక్‌వెల్ వారి కంట్రోల్‌లాజిక్స్‌లో అయితే రెండు చాసిస్‌లలోనూ అవే మాడ్యూళ్లు అవే స్లాట్లలో ఉండాలి, ఫర్మ్‌వేర్ కూడా కలవాలి. సెన్సర్లనూ వాల్వులనూ కలిపే ఐఓ కార్డులకు అక్కడ చోటు లేదు. అవి వేరే ర్యాకుల్లో ఉండి, ఎవరు ప్రైమరీ అయితే వారి మాట వినాలి. సీమెన్స్ ఎస్7-400హెచ్‌లో తగిన ఫైబర్ మాడ్యూళ్లు వాడితే రెండు సీపీయూల మధ్య 10 కిలోమీటర్ల దాకా దూరం ఉండొచ్చు. ఒక గదిలో మంటలు లేచినా రెండోది బతికి ఉంటుంది.

ఇంత వెసులుబాటు ఉన్నా, కంట్రోలర్లను కలిపే రెండు ఫైబర్లనూ ఒకే ట్రేలో ఒకే టైతో కట్టేసే ప్యానెళ్లకు కొదవ లేదు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తవ్వకంలో ఆ రెండూ ఒకేసారి తెగితే ప్రతి కంట్రోలరూ అవతలిది చచ్చిందనుకుని తానే ప్రైమరీనని పెత్తనానికి దిగే ప్రమాదం ఉంది. రెండు పవర్ సప్లైలనూ ఒకే బ్రేకర్ కింద కలపడం ఇంకో పాత జాడ్యం.

కాగితం మీద లెక్క ఊరిస్తుంది. 99.9 శాతం అందుబాటులో ఉండే కంట్రోలర్ ఒక్కటే ఉంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగుతుంది. అలాంటివి రెండు పెడితే, రెండూ ఒకేసారి ఆగేది సుమారు 32 సెకన్లే. అయితే ఒకదాని జబ్బు రెండోదానికి అంటకూడదన్నది ఇక్కడి షరతు.

ఆ షరతు తప్పితే ఏమవుతుందో 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ చూపించింది. దిశను లెక్కించే యూనిట్లు అందులో రెండు: ఒకటి పనిలో, ఒకటి స్టాండ్‌బైలో. రెండింట్లోనూ ఏరియాన్ 4 నుంచి తెచ్చిన అదే సాఫ్ట్‌వేర్. కొత్త రాకెట్ వేగానికి ఒక సంఖ్య 16 బిట్లలో పట్టనంత పెద్దదైంది. మొదట స్టాండ్‌బై ఆగింది, క్షణంలోపే పనిలో ఉన్నదీ అదే తప్పుతో ఆగింది. ఎగిరిన నిమిషంలోపే రాకెట్ ముక్కలైంది. ప్రోగ్రాంలో తప్పుంటే జంట కంట్రోలర్లు ఆ తప్పును రెండూ కలిసి నమ్మకంగా చేస్తాయి.

మరో చిక్కు ఏమిటంటే, స్టాండ్‌బై పాడైనా ప్లాంటు నడుస్తూనే ఉంటుంది. ప్యానెల్ తలుపు వెనక ఎర్ర దీపం వెలుగుతున్నా చూసే నాథుడుండడు. కాబట్టి ఆ అలారం ఆపరేటర్ స్క్రీన్ మీదకే రావాలి. స్టాండ్‌బై నిజంగా అందుకుంటుందో లేదో తేల్చుకోవడానికి వార్షిక షట్‌డౌన్‌లో ప్రైమరీ పవర్ తీసి, తర్వాత ఒక్కో ఫైబర్‌నూ పీకి, అలారం ఎన్ని సెకన్లలో వచ్చిందో, ఏ వాల్వు కదిలిందో లాగ్‌బుక్కులో రాసుకుంటారు. ప్రోగ్రాం మార్చినా, ఫర్మ్‌వేర్ మార్చినా ఈ తంతు మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.