పోటీ కారుకు స్ప్రింగే ప్రాణం

కరీంనగర్: నిర్మల్ ఘాట్‌రోడ్డుపై ఖాళీ లారీ ఎగిరెగిరి పడుతుంది. అదే లారీ సరకు నింపుకొని వస్తే నిదానంగా, మెత్తగా సాగిపోతుంది. కమాను పట్టీలు అవే. వాటిపై పడే బరువే మారింది. ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా తయారుచేసే పోటీ కార్లకు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల ఎంపిక ఈ సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

ఎస్ఏఈ ఇండియా 2007 నుంచి నిర్వహిస్తున్న బాజా పోటీలు ఈ తరహా వాహనాలకు దేశంలో పేరొందిన వేదిక. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో గుంటలు, దిబ్బల బాటపై 4 గంటల పరుగు దీనిలో అసలు పరీక్ష. పెట్రోలు విభాగంలో ఏళ్ల తరబడి జట్లన్నింటికీ ఒకే రకం 10 హార్స్‌పవర్ ఇంజిన్‌ను నిర్దేశించారు. ఇంజిన్‌లో ఆధిక్యం చూపే వీలు లేనప్పుడు సస్పెన్షన్‌దే పైచేయి అవుతుంది. నాచుపల్లి, మంథని, బాసరల్లో మెకానికల్ చదివే విద్యార్థులకు ఈ లెక్క తరగతి గదిలో తెలిసినదే. చిక్కంతా దుకాణంలో వస్తుంది. ఖర్చు కలిసి వస్తుందని పాత బైకు షాక్ అబ్జార్బర్లు తెచ్చి బిగించడం, మెత్తగా అనిపిస్తే ఇంకా గట్టివి వెతకడం పరిపాటి. గట్టిదనం ఒక్కటే బలమనుకోవడం పొరపాటు.

లెక్క ఇలా..

డ్రైవరుతో కలిపి 240 కిలోలుండే వాహనాన్ని తీసుకుందాం. 60 శాతం బరువు వెనుక పడితే ఒక్కో వెనుక చక్రంపై 72 కిలోలు. చక్రం, హబ్ వంటివి 12 కిలోలు తీసేస్తే స్ప్రింగు మోసేది 60 కిలోలు. నొక్కి వదిలినప్పుడు వాహనం సెకనుకు ఎన్నిసార్లు ఊగాలన్నది ముందుగా నిర్ణయించుకోవాలి. సాధారణ కార్లలో ఇది 1 నుంచి 1.5 వరకు ఉంటుంది. ఇక్కడ 2 అనుకుంటే, చక్రం వద్ద మిల్లీమీటరుకు 9.5 న్యూటన్ల గట్టిదనం కావాలి. అంటే సుమారు కిలో బరువుకు ఒక మిల్లీమీటరు కుంగాలి. నిలిపి ఉంచినప్పుడే 62 మిల్లీమీటర్లు కుంగుతుందన్నమాట.

అయితే స్ప్రింగును చక్రం వద్ద కాక ఆర్మ్‌పై లోపలివైపు బిగిస్తారు. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు 6 మాత్రమే నొక్కుకుంటుంది. ఈ 0.6 నిష్పత్తి బలంలోనూ, కదలికలోనూ రెండుసార్లు పనిచేస్తుంది. కాబట్టి దాని వర్గమైన 0.36తో భాగించాలి. కొనవలసింది మిల్లీమీటరుకు 26 న్యూటన్ల స్ప్రింగు. ఒక్కసారే భాగించి 16 న్యూటన్లది తెచ్చుకుంటే వాహనం నిలిచిన చోటే 100 మిల్లీమీటర్లకు పైగా కుంగుతుంది. మొదటి గుంటలోనే షాక్ అబ్జార్బరు అడుగంటుతుంది. ఆ దెబ్బకు వెల్డింగ్ ఊడితే ప్రమాదంలో పడేది డ్రైవరే.

పాత స్ప్రింగు గట్టిదనం తెలియకుంటే తూకపు యంత్రంపై నిలిపి, ప్రెస్‌తో 10 మిల్లీమీటర్లు నొక్కి బరువు చూస్తే సరిపోతుంది. కంటి అంచనా పనికిరాదు. చుట్ట వ్యాసం, చుట్ల సంఖ్య అవే ఉండి తీగ మందం 8 నుంచి 9 మిల్లీమీటర్లకు పెరిగితే గట్టిదనం 60 శాతం పెరుగుతుంది. చుట్లు కోసినా స్ప్రింగు గట్టిపడుతుంది, పొట్టిదవుతుంది.

ఊపును ఆపేది నూనే

స్ప్రింగు బరువు మోస్తుంది. ఊపును అణచేది షాక్ అబ్జార్బరులోని నూనె. సన్నని రంధ్రాల గుండా నూనె ఒత్తుకుపోతూ కదలికను వేడిగా మారుస్తుంది. తిరిగి సాగేటప్పుడు పట్టు తక్కువైతే వాహనం గుర్రంలా ఎగురుతుంది. మరీ ఎక్కువైతే ఒక గుంట నుంచి తేరుకోకముందే మరో గుంట వస్తుంది. స్ప్రింగు అంతకంతకూ కుంగిపోయి చివరకు కదలనే కదలదు. స్ప్రింగు గట్టిదనాన్ని రెట్టింపు చేస్తే షాక్ అబ్జార్బరు పట్టును సుమారు 1.4 రెట్లు పెంచాలి. స్ప్రింగు మార్చి దీనిని మరిచే జట్లకు ఆ మార్పు ఫలితం దక్కదు.

కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేపై జరిగే ఫార్ములా భారత్ వంటి నున్నటి ట్రాకు పోటీలది మరో దారి. అక్కడి కార్లకు చక్రం పైకి 25, కిందికి 25 మిల్లీమీటర్లు కదిలితే చాలు. స్ప్రింగులు మరింత గట్టివి వాడతారు.

లెక్క సరిచూసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. షాక్ అబ్జార్బరు రాడ్డుకు చిన్న ప్లాస్టిక్ ట్యాగు బిగించి, హెల్మెట్, బెల్టులతో కళాశాల మైదానంలో గుంటలపై నడపాలి. రహదారిపై మాత్రం కాదు. ట్యాగు ప్రతిసారీ రాడ్డు చివరికి చేరితే స్ప్రింగు మెత్తన, సగం కూడా జరగకపోతే గట్టిది.