సెన్సర్లు విభేదించినప్పుడు నిపుణ వ్యవస్థ
బిందు సేద్యంలో ఒకే టెన్షియోమీటరును బట్టి వాల్వు తెరవడానికి సాధారణ కంట్రోలరు చాలు. సెన్సర్లు అనేకమై, పరస్పరం విభేదించినప్పుడే నిపుణ వ్యవస్థ అవసరమవుతుంది.

నేలలో కర్షణ సుమారు 80 సెంటీబార్లు దాటితే టెన్షియోమీటరులోకి గాలి చొరబడి రీడింగు సున్నా వైపు పడిపోతుంది. సున్నా అంటే నీటితో నిండిన నేల అని అర్థం! నల్లరేగడి బీటలు వారి పింగాణీ కప్పును విడిచినా ఇదే ప్రమాదం. ఆ రీడింగును నమ్మిన యంత్రం ఎండుతున్న పైరుకు నీరు ఆపివేస్తుంది. రైతు పిడికెడు మట్టి తీసి చూసి క్షణంలో గ్రహించే సంగతి ఇది.

కనుక నియమాన్ని ఇలా వ్రాయాలి: ఒక సెన్సరు సున్నా చూపుతూ, అదే లోతులోని మిగిలినవి 60 సెంటీబార్లు దాటి, రెండు రోజులుగా వర్షంగాని తడిగాని నమోదు కాకుంటే, ఆ సున్నాను విడిచి మిగిలిన వాటి సగటుపై వాల్వు తెరవాలి. 60 ఉదాహరణ మాత్రమే; పైరును, నేలను బట్టి ఆ అంకెను నిర్ణయించవలసింది ప్రోగ్రామరు కాదు, వ్యవసాయ శాస్త్రజ్ఞుడు. వాన లేకుండానే అన్ని సెన్సర్లూ సున్నా చూపితే మాత్రం నియంత్రణను మనిషికే అప్పగించాలి.