మళ్లీ గుర్రం ఎక్కాలంటే

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో గుర్రపు స్వారీ నేర్చుకున్నవాళ్లు మనలో తక్కువేం కాదు. వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా నడిచే రీమౌంట్ అండ్ వెటర్నరీ యూనిట్లలో చేరి, తెల్లారకముందే లేచి గుర్రానికి మాలీషు చేసి, జీను బిగించి, దుమ్ములో చక్కర్లు కొట్టినవాళ్లు చాలాచోట్ల ఉన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో, ముస్సోరీలోని ఐఏఎస్ అకాడమీలో స్వారీ శిక్షణలో ఒక భాగం కాబట్టి, అధికారులుగా మారి గుర్రాన్ని మర్చిపోయినవాళ్లూ ఉన్నారు. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లల చదువులు. ఇరవై ఏళ్లు గడిచాక, కూతుర్నో కొడుకునో స్వారీ క్లాసులో దింపడానికి వెళ్లినప్పుడు గుర్రపు చెమట వాసన ముక్కుకు తగులుతుంది. అప్పుడు పుట్టే ప్రశ్న ఒకటే: వచ్చిన విద్యే కదా, ఎక్కితే మళ్లీ వచ్చేస్తుందా?

సగం వస్తుంది. ఆ వచ్చిన సగమే చిక్కులు తెస్తుంది.

ఎందుకో చూద్దాం. ఒంటికి నేర్పిన పనులను మెదడు దాచుకునే చోటు వేరు, పేర్లూ తేదీలూ దాచుకునే చోటు వేరు. చిన్నమెదడు, దానితో కలిసి పనిచేసే లోపలి కేంద్రాలు ఒకసారి పట్టుబడిన కదలికను అంత తేలిగ్గా వదలవు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఎడమచేత్తో పగ్గాలు పోగుచేసుకుని, దాంతోనే ఇంత జూలు పట్టుకుని, రికాబులో పాదం పెట్టడం ఆలోచించకుండానే జరిగిపోతుంది. కానీ ఆ కదలికను నిలబెట్టాల్సిన కండ పాతది కాదు. ముప్పై దాటాక కండ ఏటేటా కొంచెం కొంచెంగా తరుగుతూనే ఉంటుంది. తొడ లోపలి కండరాలకూ, నడుము చుట్టూ ఉన్న లోతైన కండరాలకూ ఆఫీసు జీవితంలో పనే ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తుంటికి. జీను మీద సరిగ్గా కూర్చున్న మనిషిని పక్కనుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలి. అంటే తొడ కిందికి వేలాడాలి, తుంటి ముందుభాగం విప్పారి ఉండాలి. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో గడిపినవాళ్లకు సరిగ్గా ఆ ముందుభాగపు కండరాలే బిగుసుకుపోతాయి. జీను మీద కూర్చోగానే మోకాళ్లు పైకి లేస్తాయి, పాదాలు ముందుకు జారతాయి, బరువంతా వెనక్కి పడుతుంది. గుర్రం మీద కూడా కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుంటారు.

కొత్తగా నేర్చుకునేవాడికి ఈ బాధ లేదు. వాడికి ఏమీ గుర్తులేదు కాబట్టి ఏమీ తొందరపడడు. తిరిగొచ్చినవాడి మనసు మాత్రం మొదటి రోజే దౌడు అడుగుతుంది. ఒకప్పుడు మీరు ఎంత బాగా స్వారీ చేశారో గుర్రానికి తెలియదు. ఇవాళ తన వీపు మీద ఉన్న బరువు ఎటు ఒరుగుతోంది, తొడ ఎక్కడ బిగుసుకుంటోంది, ఊపిరి ఎలా ఉంది – ఇవే దానికి తెలిసేవి. ఈగ వాలితే ఆ చోటు చర్మాన్ని మాత్రమే అదిలించగల జంతువు అది. మీ మోకాలి వణుకు దానికి అందకుండా పోదు. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు దేన్నైనా సిద్ధం చేసుకోవాలంటే ముందు ఇవాళ్టి ఒంటినే సిద్ధం చేసుకోవాలి.

ఇంకో ప్రశ్న అందరూ అడగరు, సిగ్గుపడి లోపలే ఉంచుకుంటారు: అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు? ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో పడితే ఏమవుతుందో ఊహించే అలవాటు తక్కువ. నలభై అయిదేళ్లకు ఇంట్లో ఆధారపడినవాళ్లుంటారు, విరిగిన ఎముక ఎన్నాళ్లకు అతుకుతుందో తెలుసు. పైగా లోపలి చెవి, కళ్లు, కీళ్లు కలిసి నడిపే సమతౌల్యం వయసుతో కొంత మందగిస్తుంది. భయం అబద్ధం చెప్పడం లేదు. చిక్కల్లా భయం ఒంటితో చేయించే పనుల్లో ఉంది. భయపడ్డ మనిషి ముందుకు వంగుతాడు, మోకాళ్లతో గట్టిగా పట్టుకుంటాడు, చేతుల్లో ఏముంటే అది లాగుతాడు. ముందుకు ఒరగడం, కాళ్లతో నొక్కడం – గుర్రం నేర్చుకున్న భాషలో రెంటికీ ‘పద’ అనే అర్థం. అది వేగం పెంచుతుంది, మనిషి ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

మన దేశపు స్వారీ కేంద్రాల్లో చాలా గుర్రాలు రేసులు మానేసిన థరోబ్రెడ్‌లు కావడంతో ఇది మరింత ముఖ్యం. రెండేళ్ల వయసులో రేసుకోర్సులో పరుగు మొదలుపెట్టి, ఐదారేళ్లకే అక్కణ్నుంచి బయటపడినా, వాటి ఆయుష్షు పాతికేళ్ల దాకా ఉంటుంది. మళ్లీ శిక్షణ ఇస్తే చక్కటి గుర్రాలు అవుతాయి. కానీ వాటి మొదటి పాఠం వేరు: జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే ఆ బిగువు మీద ఆనుకుని పరిగెత్తాలి. అందుకే భయంతో పగ్గాలు పట్టుకు వేలాడితే అలాంటి గుర్రం ఆగదు. లాగి వెంటనే వదలాలి, మళ్లీ లాగి వదలాలి, గుండ్రంగా తిప్పాలి. నిటారుగా కూర్చుని ఊపిరి నిండుగా వదలాలి. ఊపిరి వదిలితే నడుము బరువు జీనులోకి దిగుతుంది. చాలామంది గురువులు భయపడే శిష్యుణ్ని పాట పాడమంటారు. పాడుతూ ఊపిరి బిగపట్టడం ఎవరివల్లా కాదు కాబట్టి అది మంచి ఉపాయం.

భయం గుర్రానికి పాకుతుందనేది పాతకాలపు మాట మాత్రమే కాదు. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. మనుషుల చేత గుర్రాలను ఒకే దారిలో కొన్నిసార్లు నడిపించారు, కొందరిని ఎక్కి నడపమన్నారు. చివరిసారి నడిచేటప్పుడు గుర్రం పక్కనే గొడుగు తెరుస్తామని మనుషులకు ముందే చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా ఆ చివరిసారి మనుషుల గుండెవేగం పెరిగింది, గుర్రాల గుండెవేగమూ పెరిగింది. లేని గొడుగు గురించి గుర్రానికి చెప్పింది పగ్గం పట్టుకున్న మనిషి ఒళ్లే.

సరే, ఎలా మొదలుపెట్టాలి? గుర్రం దగ్గరికి వెళ్లడానికి నెలన్నర ముందు ఇంట్లోనే మొదలుపెట్టండి. బద్ధకోణాసనం, మలాసనం తుంటిని విప్పుతాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేయడం మానేసినవాళ్లు తిరిగి మొదలుపెడితే అదీ కొంత సాయమే. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు కిందికి దించితే పిక్క సాగుతుంది, రికాబులో మడమ కిందికి దిగడానికి ఈ సాగుడే కావాలి. గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడి, కాసేపు కళ్లు మూసుకుని చూడండి. ఎంత తూలుతున్నారో తెలిస్తే మొదటి రోజు దౌడు కోరిక దానంతటదే తగ్గుతుంది.

వైద్యుడితో మాట్లాడాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. నడుములో డిస్కు జారినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అడగకుండా ఎక్కకూడదు. ఆ మందులు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం ఆగకపోవచ్చు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. ఆ క్రిమి గుర్రపు లద్దెలోనూ, లాయం మట్టిలోనూ సహజంగానే ఉంటుంది.

అటక మీదున్న పాత టోపీ పారేయండి. హెల్మెట్ లోపలి గట్టి నురుగు దెబ్బను తాను నలిగి మింగుతుంది. ఒకసారి పడితే దాని పని అయిపోయినట్టే. పడకపోయినా ఐదేళ్లకోసారి మార్చమనే తయారీదారులు చెబుతారు. మోటార్‌సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు, బరువెక్కువ, పక్కచూపును అడ్డుకుంటుంది. బూటుకు వేలెడు మందం మడమ ఉండాలి. మడమ లేని స్పోర్ట్స్ షూ రికాబులోంచి అవతలికి దూరిపోతే, పడ్డ మనిషి కాలు ఇరుక్కుని గుర్రం వెంట ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. స్వారీలో అతి దారుణమైన ప్రమాదాల్లో అదొకటి.

ఇక బరువు సంగతి. మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి, మోసేది గుర్రం కాబట్టి. ఒహాయోలో 2008లో చేసిన ఒక అధ్యయనంలో గుర్రాల మీద వాటి సొంత బరువులో 15, 20, 25, 30 శాతం బరువులు పెట్టి చూశారు. 25 శాతం దగ్గర్నుంచి గుండెవేగం, కండరాల నొప్పి స్పష్టంగా పెరిగాయి. 20 శాతం దాటకపోవడం మంచిదన్న లెక్క అక్కడ బలపడింది. 450 కిలోల థరోబ్రెడ్ అయితే జీనుతో కలిపి 90 కిలోలు. జీను, మిగతా సరంజామా ఎనిమిది, పది కిలోలు తీసేస్తే మనిషికి మిగిలేది సుమారు 80. 350 కిలోల మార్వారి, కతియావాడి గుర్రమైతే 60 దాటి కొంచెం. కాలేజీలో 58 కిలోలున్న మనిషి ఇప్పుడు 84 ఉంటే, పాత గుర్రం లాంటి గుర్రం సరిపోదు. మీ బరువు అడగకుండానే గుర్రం ఇచ్చే చోట చేరకండి.

చేరే ముందు లాయంలోకి వెళ్లి చూడండి. వీపు మీద, జీను పట్టీ దగ్గర పుండ్లున్నాయా, తొట్టిలో నీళ్లు శుభ్రంగా ఉన్నాయా, డెక్కలు పగిలాయా, లాడాలు సరిగ్గా ఉన్నాయా. గుర్రాలను చూసుకునే సైసుతో మాట్లాడండి. ఏ గుర్రానికి నీళ్ల గుంట అంటే బెదురో, ఏది ఎడమవైపు తిరగడానికి మొరాయిస్తుందో గురువుకంటే ముందు తెలిసేది ఆయనకే.

మొదటి రోజు ఎక్కకపోయినా ఫర్వాలేదు. మాలీషు చేయండి, డెక్కలు ఎత్తి శుభ్రం చేయండి, పగ్గం పట్టుకుని పక్కన నడవండి. గుర్రం కళ్లు తలకు రెండువైపులా ఉండటంతో దాదాపు చుట్టూ చూడగలదు, నుదురు ముందూ తోక వెనకా మాత్రమే గుడ్డి చోట్లు. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లాలన్న పాత పాఠానికి కారణం ఇదే.

ఎక్కేటప్పుడు కింద ఎత్తు పీట వేసుకోండి. నేల మీంచి ఎగిరి ఎక్కడం అప్పట్లో పౌరుషం అనిపించేది. కానీ అది ప్రతిసారీ జీనును ఒకవైపుకు లాగి గుర్రం వెన్నును మెలితిప్పుతుంది. తర్వాత కొన్ని పాఠాలు లాంజ్ మీద అడగండి: గురువు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతాడు, మీ చేతుల్లో పగ్గాలుండవు. లాగడానికి పగ్గం లేనప్పుడు తుంటి తన పని నేర్చుకోక తప్పదు. డబ్బు పెట్టేది ఏ పాఠం మీదైనా సరే ముందు దీని మీద పెట్టమంటాను. నడకను తేలిగ్గా తీసుకోకండి. గుర్రం నడిచేటప్పుడు మన కటి కదిలే తీరు మనం నడిచేటప్పటి కదలికకు చాలా దగ్గర. గుర్రపు నడకతో మనుషులకు చేసే చికిత్స పుట్టిందే ఆ సంగతి మీద. రికాబులు వదిలేసి పావుగంట నడిస్తే బిగుసుకున్న తుంటి ఎంత విడుతుందో మీకే తెలుస్తుంది.

నడక తర్వాతి వేగం ట్రాట్. అందులో ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడతాయి, రెండు దెబ్బల లయ. అందుకే అంత ఎగరేత. బయటివైపు ముందుకాలు ముందుకెళ్లినప్పుడు జీను మీంచి లేవాలన్న సూత్రం చాలామందికి గుర్తుంటుంది, ఎందుకో ఎవరూ చెప్పి ఉండరు. ఆ క్షణంలోనే లోపలివైపు వెనకకాలు పొట్ట కిందికి వస్తుంది. మీ బరువు లేస్తే అది స్వేచ్ఛగా రాగలదు. దిశ మారినప్పుడల్లా లేచే కాలం మార్చకపోతే ఒకే జత కాళ్ల మీద, వెన్నులో ఒకే పక్క భారం పడుతూ ఉంటుంది. మర్నాటికి తొడలు నొప్పెడతాయి, రెండోరోజు ఇంకా ఎక్కువ. అది గాయం కాదు. వారానికి రెండుసార్లు, మధ్యలో రెండు మూడు రోజుల విడుపుతో వెళ్తే కండ కోలుకుంటూ పెరుగుతుంది. రికాబులు లేకుండా, జూలు పట్టుకోకుండా మైదానం చుట్టూ ట్రాట్ చేయగలిగిన రోజున దౌడు గురించి గురువును అడగండి.

పడితే? ‘పడ్డవెంటనే మళ్లీ ఎక్కాలి, లేకపోతే భయం పాతుకుపోతుంది’ అని పాత ఉస్తాదులు చెప్పేవాళ్లు. తలకు దెబ్బ తగిలితే ఆ మాట వినకండి. కాసేపు తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, ఎక్కడున్నారో తడబడినా ఆ రోజుకి స్వారీ ముగిసింది, ఆస్పత్రికి వెళ్లాల్సిందే. మొదటి కుదుపు నుంచి కోలుకోని మెదడుకు రెండో దెబ్బ ప్రాణాంతకం కావచ్చు.

వయసు మించిపోయిందా అని అడిగేవాళ్లకు జపాన్ రౌతు హిరోషి హోకెట్సు పేరు చెబుతాను. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో గుర్రంతో అడ్డంకులు దూకే పోటీలో పాల్గొన్నాడు. మళ్లీ ఒలింపిక్స్‌లో దిగింది 2008 బీజింగ్‌లో, ఈసారి గుర్రపు కదలికల నేర్పు చూపే డ్రెస్సాజ్‌లో. 2012 లండన్‌లో విస్పర్ అనే గుర్రం మీద పోటీపడినప్పుడు ఆయన వయసు 71. టోక్యోకూ బీజింగ్‌కూ మధ్య 44 ఏళ్లు గడిచినా ఆయన స్వారీని మాత్రం వదిలేయలేదు. వదిలేసి తిరిగొచ్చేవాళ్లకు అంత దూరం వెళ్లాల్సిన పని లేదు, కానీ దూకే పోటీ నుంచి డ్రెస్సాజ్‌కు మారిన ఆయన నిర్ణయం గమనించదగ్గది. వేగం కన్నా సూక్ష్మత మీద నడిచే విద్య అది, వయసుతో మెరుగయ్యే విద్య.

చివరగా, మన వాతావరణం గురించి. మార్చి దాటాక ఉదయం ఎనిమిది గంటల తర్వాత స్వారీ వద్దు. దిగగానే పట్టీ ఒక బెజ్జం వదులు చేసి పది నిమిషాలు నీడలో నడిపించండి. వేడి మీదున్న గుర్రానికి నీళ్లిస్తే కడుపునొప్పి వస్తుందని మనకు నేర్పారు. అది నిలబడని మాట, దాహం వేస్తే తాగనివ్వండి. ఒంటి మీద చన్నీళ్లు పోయకూడదన్నదీ అంతే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఎండల కోసం జరిగిన పరిశోధనల తర్వాత చల్లటి నీళ్లు ధారాళంగా, మళ్లీ మళ్లీ పోయడమే పద్ధతి అయింది. డొక్క దగ్గర చూసి ఊపిరి లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్న గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు పీలుస్తుంది. ఆ దరిదాపులకు వచ్చేదాకా లాయంలో కట్టేయకండి, ఉలవలూ ఓట్సూ ఇంకో గంట ఆగి పెట్టండి.