పొట్టలోకి వెళ్లిన మణికట్టు

సికింద్రాబాద్‌లోని కిమ్స్, యశోద ఆసుపత్రుల్లో ఇప్పుడు పేగు ఆపరేషన్లకు రోబో వాడుతున్నారు. రోబో అనగానే యంత్రమే కోసి కుట్టేస్తుందేమోనని రోగి ఇంటివాళ్లు హడలిపోతారు. భయం అక్కర్లేదు. సర్జన్ అదే థియేటర్‌లో, రోగికి కాస్త ఎడంగా కన్సోల్ ముందు కూర్చుంటారు. త్రీడీలో పెద్దదిగా కనిపించే పేగును చూస్తూ రెండు చేతులా పట్టు మీటలు కదుపుతారు. చెయ్యి ఆగితే లోపల పనిముట్టూ ఆగుతుంది.

అసలు ఈ యంత్రం పేగుల కోసం పుట్టలేదు. అమెరికాలో ఎస్‌ఆర్‌ఐ సంస్థ మొదలుపెట్టిన పరిశోధనకు అక్కడి రక్షణశాఖ డబ్బు పెట్టింది. యుద్ధంలో గాయపడిన సైనికుడికి ఎక్కడో దూరాన ఉన్న డాక్టర్ ఆపరేషన్ చెయ్యాలన్నది వాళ్ల ఆశ. ఆ పరిజ్ఞానంతో 1995లో మొదలైన ఇంట్యూటివ్ సర్జికల్ కంపెనీ గుండె మీద గురి పెట్టింది. 2000లో ఆ కంపెనీ రోబో డావిన్సీకి అనుమతి వచ్చింది. తీరా దానికి చేతినిండా పని దొరికింది ప్రోస్టేట్ దగ్గర. పెద్దపేగు ఆపరేషన్ల గురించి 2002 కల్లా వైద్య పత్రికల్లో రాశారు.

ప్రోస్టేట్ ఉన్న ఇరుకులోనే మలాశయమూ ఉంది. అక్కడ క్యాన్సర్ వస్తే గడ్డను తీస్తే సరిపోదు. చుట్టూ ఉన్న కొవ్వును దాని పొర చిరగకుండా, మూటను మూటగానే బయటికి తీయాలి. ఈ పద్ధతిని బ్రిటన్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ప్రపంచం ముందు పెట్టారు. పొర చిరిగితే క్యాన్సర్ మిగిలిపోవచ్చు. పొర దాటి పక్కకు పోతే మూత్రాన్నీ దాంపత్య సుఖాన్నీ నడిపే నరాలు తెగవచ్చు. మగవాళ్ల కటి ఎముకల మధ్య చోటు మరీ తక్కువ. చిన్న రంధ్రాల్లోంచి పెట్టే ల్యాప్రోస్కోపీ కడ్డీ అక్కడ తిరగలేక ఇబ్బంది పెడుతుంది. డావిన్సీ పనిముట్టు మందం 8 మిల్లీమీటర్లే అయినా కొసన మణికట్టు ఉంది, అన్ని వైపులకూ ఒంగుతుంది. చేతి వణుకు దాని దాకా చేరదు.

మరి ఫలితమో? మలాశయ క్యాన్సర్‌లో రోబోనీ ల్యాప్రోస్కోపీనీ పోలుస్తూ 471 మంది మీద జరిపిన రోలార్ పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మధ్యలో పెద్ద కోతకు మారాల్సి వచ్చింది రోబోతో 8.1 శాతం, ల్యాప్రోస్కోపీతో 12.2 శాతం. గణాంకాల లెక్కలో ఆ తేడా నిలవలేదు. చైనాలో 1,171 మంది మలాశయ క్యాన్సర్ రోగుల ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లలో ఆ ప్రాంతంలోనే జబ్బు తిరగబెట్టింది రోబో వర్గంలో 1.6 శాతం మందికి, ల్యాప్రోస్కోపీ వర్గంలో 4 శాతం మందికి. నా మట్టుకు, మలాశయం కింది భాగంలో గడ్డ ఉన్నవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. అయినా రోబో ఉందా అని అడిగేముందు, ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారని సర్జన్‌ని అడగాలి.

ఇన్నేళ్లూ ఒక లోటు ఉండిపోయింది. పేగును ఎంత గట్టిగా లాగుతున్నదీ సర్జన్ చేతికి తెలిసేది కాదు, కంటితో చూసి అంచనా వేసుకోవాల్సిందే. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ 5లో, ప్రత్యేక పనిముట్లు తగిలిస్తే, ఆ లాగుడు సర్జన్ వేళ్లకు తెలుస్తుంది.