తొలకరి ముందు పూసే దాల్చిన పరిమళం

ఆర్కిడ్‌కు వాసన ఉండదన్న మాట మన ఇళ్లల్లో బాగా పాతుకుపోయింది. బొకేల్లో వచ్చే ఊదారంగు డెండ్రోబియం, హోటళ్లలో కనిపించే తెల్లటి ఫెలనాప్సిస్ మాత్రమే చూసినవాళ్లు అలా అనుకోవడం సహజమే. కానీ లైకాస్టి అరోమాటికా అనే ఆర్కిడ్ పూసిన గదిలోకి ఎండ పడే వేళ వెళ్లి చూడండి. పువ్వు కంటపడకముందే దాల్చినచెక్క వాసన ఎదురొస్తుంది. ఆకు ఒక్కటీ లేని దుంప మొదట్లోంచి పొట్టి కాడలు లేస్తాయి. ఒక్కో కాడకు ఒక్కటే పసుపు పువ్వు. బాగా బలిసిన దుంపకు పది కాడలు రావడం వింతేమీ కాదు.

మెక్సికో నుంచి మధ్య అమెరికా దాకా కొండ అడవుల్లో, చెట్ల మీదా రాళ్ల మీదా పెరిగే మొక్క ఇది. ఫెలనాప్సిస్ దళసరి ఆకులోనే నీళ్లు దాచుకుంటుంది. లైకాస్టి ఆకు పల్చన, మెత్తన. పసుపు మొక్క ఆకులా వెడల్పుగా, నిలువు మడతలతో ఉంటుంది. నీళ్లన్నీ దుంపలో ఉంటాయి కాబట్టి ఏటా ఆకును వదిలేసినా దానికి నష్టం లేదు. రాలినచోట దుంప కొసన పదునైన ముళ్లు మిగులుతాయి, కుండీ మార్చేటప్పుడు జాగ్రత్త. దీని దగ్గరి చుట్టం, ఆండీస్ పర్వతాల అంగులోవా, తులిప్ పువ్వులా ముడుచుకుని పూస్తుంది. దానికీ ఘాటైన సువాసనే.

ఈ పరిమళం వెనక ఉన్న కథ నాకు పువ్వుకన్నా ఇష్టం. యూగ్లోసైన్ తేనెటీగల్లో మగవి తేనె కోసం కాక వాసన కోసమే ఇలాంటి పూల దగ్గరికి వస్తాయి. ముందుకాళ్ల కుచ్చులతో సుగంధాన్ని తుడిచి తీసి, వెనక కాళ్లలోని సంచుల్లో దాచుకుంటాయి. ఆడ ఈగల్ని ఆకట్టుకునేందుకు ఆ సొత్తునే ప్రదర్శిస్తాయి. ఆ తిరుగుళ్లలోనే పుప్పొడి ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు చేరుతుంది.

పెంపకంలో అన్నిటికన్నా ముందు తెలియాల్సింది పుట్టినచోటి పంచాంగం. అక్కడ వానలు మే నుంచి అక్టోబరు దాకా, తర్వాత పొడికాలం. మన నైరుతి రుతుపవనాల లెక్కకు ఎంత దగ్గరో చూడండి! పిలక ఆకు విప్పే నెలల్లో నీళ్లు ధారాళంగా పోయాలి, ఎరువు పలచగా తరచూ ఇవ్వాలి. చలికాలంలో ఆకులు పండుతుంటే నీళ్లు తగ్గించాలి. రాలిపోయాక, దుంప మరీ ముడతలు పడకుండా ఎప్పుడో కాసిని చాలు. మోడువారిందని బెంగపడి రోజూ నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి. వసంతంలో కొత్త పిలకతోపాటే మొగ్గలు తొంగిచూస్తాయి. కుండీ మార్చడానికి అదే అదను. సన్నని బెరడు ముక్కలు, బొగ్గు, పెర్లైట్ కలిపిన మిశ్రమం సరిపోతుంది. లేత పిలక గొట్టంలో నీళ్లు నిలవనివ్వకండి.

పల్చటి ఆకు కనుక నేరుగా పడే ఎండకు మాడుతుంది, వడకట్టిన వెలుతురు కావాలి. పొడిగాలిలో ఎర్రనల్లి ఆకు అడుగున చేరుతుంది. వారానికోసారి ఆకు తిప్పి చూసుకోవాలి.

వానల లెక్క కలిసినా వేడి లెక్క కలవదు. రాత్రుళ్లు 15 డిగ్రీల దగ్గరికి దిగి, పగలు 30 దాటనిచోట ఇది హాయిగా ఉంటుంది. బెంగళూరు బాల్కనీల్లో, అరకు ఎత్తుల్లో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల తెలుగువాళ్ల పెరళ్లలో ప్రయత్నించవచ్చు. హైదరాబాద్ వేసవి దానికి గండమే. విజయవాడలో పెట్టమని నేను ఎవరికీ చెప్పను. అమెరికా నుంచి వస్తూ పెట్టెలో ఒక మొక్క వేసుకొద్దామనుకోవద్దు. ఆర్కిడ్ కుటుంబమంతా, అడవి జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద ఉంది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. ఆ కట్టడి అవసరమే. 1934లో గ్వాటెమాలా తన జాతీయ పుష్పంగా ఎంచుకున్న తెల్ల లైకాస్టి, సేకర్తల చేతుల్లో అడవిలో అరుదైపోయింది. నర్సరీలో పెంచిన మొక్కనే అడిగి కొనండి.

కోస్తా వేడిలో ఉండి సువాసన ఆర్కిడ్ కావాలనుకునేవారికి మన నేలమీదే వాండా టెస్సెల్లాటా ఉంది. ఆకు మెత్తన కాదు, తోలులా గట్టిది. కానీ మామిడి కొమ్మకు కడితే వేళ్లతో పట్టేసుకుంటుంది, మన ఎండకు తట్టుకుంటుంది, పూస్తే కమ్మని వాసనా ఇస్తుంది.