గీదంలో ఒక పాత కత్తిరింపు

బస్తరు నర్తకులు గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ వచ్చిన ఏడాది మా పత్రికా ఛాయాచిత్రకారులకు పండుగ. అడవిదున్న కొమ్ములూ, ముఖం మీద గవ్వల తెరా గల తలపాగా, మెడలో పొడవాటి డోలు. గౌర్ నృత్యం చేసే దండామి మాడియా యువకుని బొమ్మ మర్నాడు మొదటి పుటను అలంకరిస్తుంది. బొమ్మ కింద అతని పేరు మాత్రం ఉండదు. 'బస్తరు నర్తకుడు' అని ఉంటుంది. ఇన్నేళ్లలో అటువంటి వాక్యాలు రాసిన పాపంలో నాకూ వాటా ఉంది. పాపపరిహారార్థమని చెప్పను గాని, పార్లమెంటు సమావేశాల నడుమ విరామం దొరకగా విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి గీదంలో దిగాను.

గీదం దంతెవాడ జిల్లాలో చిన్న పట్టణమే అయినా దక్షిణ బస్తరుకు కూడలి. జగదల్‌పూర్ నుంచి వచ్చిన బాట ఇక్కడే చీలి, ఒకటి దంతెవాడకూ, ఒకటి బీజాపూర్ మీదుగా భోపాలపట్నానికీ, మరొకటి బార్సూరుకూ పోతుంది. తెలుగువానికి ఇది పరాయి నేల కాదు. బార్సూరులో 11వ శతాబ్దపు నాగవంశీయుల నాటి తెలుగు శాసనం దొరికింది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరి ఆ వంశానికి ఇలవేల్పని ఈ ప్రాంతపు ఐతిహ్యం. ఆ పాత చుట్టరికాన్ని 1960 దశకంలో ఇనుప పట్టాలతో పునరుద్ధరించారు. బైలదిల్లా ఖనిజం విశాఖ రేవుకూ, అక్కడి నుంచి జపానుకూ పోవాలి కదా! కొండలోని ఇనుము తరలిపోవడానికి అంత దూరాలోచన చేసిన ప్రభుత్వం, కొండ కింది డోలు సంగతి ఆలోచించిందా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న నాకంటే ముందే ఒక వృద్ధుడు అడిగాడు. సంతలో పరిచయమైన ఉపాధ్యాయుడొకరు నన్ను ఆయన వద్దకు తీసుకువెళ్లి, ఆయన గోండీని నాకోసం హిందీలోకి మార్చారు. "ముసలి కళాకారులకు ఢిల్లీలో డబ్బిస్తారట, నిజమేనా?" అన్నది ఆయన మొదటి మాట. నిజమే. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు అటువంటి పథకం ఉంది. 60 ఏళ్లు నిండి, సంవత్సరాదాయం 72,000 రూపాయలకు మించని కళాకారునికి నెలకు 6,000 వరకు ఇస్తారు. అయితే కళకు చేసిన సేవకు ఆధారపత్రాలు జతపరచాలి. ఆయన లోనికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలో నుంచి పసుపు పచ్చగా మారిన ఒక పత్రికా కత్తిరింపు తెచ్చాడు. 1980 దశకంలో రాజపథం మీద తీసిన బొమ్మ. కొమ్ముల కింద ఉన్న ముఖం తనదేనని వేలు పెట్టి చూపాడు. గవ్వల తెర వెనుక ముఖం ఎవరిదో ఏ గుమాస్తా ఒప్పుకుంటాడు? బొమ్మ కింద పేరు లేదు.

పోనీ, కుర్రవాళ్లకు డోలు నేర్పితే? గురుశిష్య పరంపర పేరిట గురువుకు నెలకు 15,000 రూపాయలిచ్చే పథకమూ ఉంది. కాని దానిని గురువు చేతికి ఇవ్వరు; నమోదైన సంస్థకు ఇస్తారు. సంఘం ఉండాలి, లెక్కలు ఆడిటరు చూసి ఉండాలి, బ్యాంకు ఖాతా ఉండాలి. కళాకారునికీ రాజ్యానికీ మధ్య ఈ కాగితాల అగాధం ఉన్నంతకాలం లాభాపేక్ష లేని సంస్థ ఒకటి వంతెనగా నిలవక తప్పదు. వంతెన ఎవరిదన్నదే అసలు వివాదం.

ఆ ప్రశ్నకు బస్తరులోనే ఒక మంచి సమాధానం ఉంది. గీదం నుంచి ఉత్తరంగా సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఉన్న కొండగావ్‌కు 1997లో ముంబై చిత్రకారిణి నవజోత్ అల్తాఫ్ వచ్చారు. నగరాల వారు ఆదివాసీ కళను 'కనుగొనడానికి' రావడం కొత్త కాదు. బొమ్మలు కొని, పుస్తకం వేసి వెళ్లిపోతారు. ఈమె అలా వెళ్లలేదు. స్థానిక శిల్పులు రాజ్‌కుమార్ కొర్రం, శాంతిబాయి, గెస్సూరాం విశ్వకర్మలతో కలిసి పనిచేశారు. 'డయలాగ్' పేరిట ఒక కళాకారుల సంఘం ఏర్పడింది. వారు చేసిన పనులలో నన్ను ఆకర్షించినది ప్రదర్శనశాలలో లేదు, మంచినీటి పంపు దగ్గర ఉంది. దానిని అక్కడ 'నల్‌పార్' అంటారు.

పంపు చుట్టూ బురద, బిందె దింపుకోవడానికి చోటు లేకపోవడం మన పల్లెలకూ తెలిసిన దృశ్యమే. నీళ్లు మోసే స్త్రీలతో మాట్లాడి, ఈ శిల్పులు గట్టు కట్టారు, మురుగు పోయే దారి ఏర్పరిచారు. నిండిన బిందెను నేల మీది నుంచి ఒక్కసారిగా నెత్తికెత్తుకోనక్కరలేకుండా నడుమ ఒక అరుగు అమర్చారు. గోడల మీద తమ శిల్పపు ఆకృతులు నిలిపారు. పిల్లల కోసం 'పిల్లా గుడి' అనే చోట్లు కట్టారు. శాంతిబాయి స్త్రీ అయివుండి కొయ్య చెక్కడం అక్కడి ఆచారానికి ఎదురీతే. కళాకారుడు ఊరు విడిచి పోకుండా ఊరికే పనికివచ్చాడు.

దీనికి విపర్యయం కూడా చెప్పాలి. మండలా జిల్లా గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ను భోపాల్ భారత్ భవన్ వెలుగులోకి తెచ్చింది. మధ్యప్రదేశ్ శాసనసభా భవనం గోడ మీద ఆయన చిత్రం ఉంది. 2001లో జపానులోని ఒక మ్యూజియంలో ఒంటరిగా పనిచేస్తూ ఆయన ప్రాణం తీసుకున్నాడు. మన కిన్నెర మొగిలయ్య సంగతి పాఠకులకు తెలిసిందే. 2022లో పద్మశ్రీ, 2024లో కూలిపని.

సంస్థలన్నీ పవిత్రమైనవని నేననను. కళాకారుని ఇంటికంటే వార్షిక నివేదిక అందంగా ఉన్నవి ఢిల్లీలో కొల్లలు. కాని దొంగను పట్టే పేరుతో వేసిన కంచె చిన్నవారి కాళ్లకే గుచ్చుకుంది. 2020 సెప్టెంబరు 23న ప్రతిపక్షం బహిష్కరించిన రాజ్యసభలో విదేశీ విరాళాల సవరణ బిల్లు ఆమోదం పొందింది. పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మారుమూల చిన్న సంస్థకు అందించడం దానితో నిషిద్ధమైంది. ఢిల్లీలో పెద్ద కార్యాలయాలు గలవారికి ఇబ్బంది లేదు. గీదం వంటి చోట ఆడిటరు రుసుము కట్టలేని సంఘానికే దెబ్బ.

ఇక సొంత ఖజానా సంగతి. 2025-26 బడ్జెటులో సంస్కృతికి దాదాపు 3,360 కోట్లు. మొత్తం వ్యయంలో నూటికి ఏడు పైసలైనా లేదు. 2023 జూలైలో పార్లమెంటు స్థాయీ సంఘం అకాడమీల పనితీరును పరిశీలించి, పురస్కారం పుచ్చుకునేవారు దానిని నిరసనగా తిరిగి ఇవ్వబోమని ముందే హామీ రాసివ్వాలని సిఫారసు చేసింది. గీదం వృద్ధుని వద్ద తిరిగి ఇవ్వడానికి కత్తిరింపు తప్ప ఏమీ లేదు.

ఢిల్లీకి తిరిగి రాగానే ఆ బొమ్మ వేసిన పత్రిక కార్యాలయంలో మిత్రుని ద్వారా పాత చిత్రాల కవరు వెదికించాను. దొరికింది. కవరు మీద తేదీ ఉంది, చిత్రం తీసినవారి పేరు ఉంది. దాని కింద 'బస్తరు నర్తకులు, ఆరుగురు' అని ఉంది.