క్షయనివారణము: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతీయుల కర్తవ్యము

కలరా సోకిన ఊరు ఒక్క రాత్రిలో మేల్కొనెడిది. 2020లో కరోనా వచ్చినపుడు కామారెడ్డి బజారులును, ఎల్లారెడ్డి దుకాణములును మూతపడినవి. ముఖమునకు గుడ్డ లేక గడప దాటుటకు జనులు జంకిరి. క్షయ యట్టిది గాదు. అది చప్పుడు చేయక ఇల్లు చొచ్చును. సామాన్యమైన దగ్గువలె నెలల తరబడి ఇంటనుండి, మనిషిని ఎముకలగూడుగా జేసిన పిదప గాని తన పేరు చెప్పదు. భయపెట్టని శత్రువే మిక్కిలి భయంకరుడు. కావున దీనిని గూర్చి మన పాఠకులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ వ్యాధి క్రిమివలన గలుగునని రాబర్టు కాక్ పండితుడు 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లినులో ప్రకటించెను. అటుపిమ్మట మందులు వచ్చినవి, పరీక్షలు వచ్చినవి. అయినను ప్రపంచారోగ్యసంస్థవారి అంచనా ననుసరించి 2023లో లోకమున సుమారు 1 కోటి 8 లక్షల మంది ఈ రోగమున బడిరి. 12 లక్షల 50 వేల మంది మరణించిరి. రోగగ్రస్తులలో నూటికి 26 వంతులు మన భారతదేశమువారే. మానిపింప వీలగు రోగమువలన ఇందరు పోవుట మన జాతికి గౌరవము గాదు.

మన ప్రాంతపు సంగతి చూతము. 2016 అక్టోబరు 11న నిజామాబాదునుండి విడివడి కామారెడ్డి జిల్లా యేర్పడినది. ఎల్లారెడ్డి అందొక డివిజను. ఒకవైపు నిజాంసాగరము, పోచారముల క్రింది వరిపొలములు. ఒకవైపు కామారెడ్డి బెల్లపు వ్యాపారము. అనేక గ్రామములలో ఇంటనే కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీలు. గల్ఫుదేశములలో ఒక్కొక్క గదిలో పలువురుగా కాలము గడపి తిరిగివచ్చు యువకులు. ఇట్టి జీవనములో ప్రతి దగ్గునకును ఒక సాకు సిద్ధముగా నున్నది. బీడీకార్మికురాలి దగ్గు పొగాకుధూళి వలననందురు. కూలివాని దగ్గు వరిదుమ్ము వలననందురు. వృద్ధుని దగ్గు చలివలననందురు. ఊరి వైద్యుని సూదిమందుతోను, దగ్గుమందు సీసాతోను మాసములు గడచును. ఈలోపల రోగి ఊపిరి ఇంటివారి ఊపిరితో కలియుచునే యుండును. చికిత్స లేని రోగి ఒక్కడు సంవత్సరములో ఐదుగురు మొదలు పదునైదుగురి వరకు క్రిమిని అంటింపగలడని వైద్యశాస్త్రజ్ఞుల మాట.

అంటుకొను విధము తెలిసినచో అడ్డుకొను విధము తానే తెలియును. రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు వెడలు సూక్ష్మబిందువులు గాలి కదలని గదిలో గంటలకొలది తేలుచుండును. తిన్న కంచమువలన గాని, కట్టిన బట్టవలన గాని, కరస్పర్శవలన గాని ఇది సోకదు. కావున మొదటి కాపు కిటికీ. చలికాలమున తలుపులన్నియు బిగించి పదిమంది ఒక్క గదిలో పండుకొనుట, కిటికీ లేని గదిలో బీడీల బుట్టచుట్టు నలుగురు కూర్చుండుట మానవలెను. గాలి క్రిమిని పలుచన జేయును; ఎండ దానిని చంపును. దగ్గునపుడు నోటికి రుమాలో, కొంగో అడ్డము పెట్టుకొనవలెను. ఎక్కడబడిన నక్కడ ఉమియరాదు. కరోనాకాలమున నేర్చిన ముఖాచ్ఛాదనము దగ్గువానికి ఇప్పుడును తగినదే. పుట్టిన బిడ్డకు బి.సి.జి. టీకా వేయింపవలెను, అది పసివారిని క్షయయొక్క ఘోరరూపములనుండి కాపాడును.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, కారణము లేక బరువు తగ్గుట, తెమడలో నెత్తురు—వీనిలో ఏది కనబడినను సర్కారు దవాఖానాలో తెమడ పరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు ఉచితమే, మందులును ఉచితమే. మధుమేహము గలవారికి ఈ రోగభయము రెండు మూడు రెట్లు హెచ్చు గనుక వారు మరింత జాగరూకులై యుండవలెను. సాధారణమైన క్షయకు చికిత్స ఆరు నెలలు. రెండు నెలలకు దగ్గు తగ్గినదని మందు మానినవాడు తనకును, ఊరికిని కీడు చేసినవాడగును. ఏలయన సగము చచ్చిన క్రిమి మందునకు లొంగని క్రిమిగా మారవచ్చును.

ఇక భూస్వాములకును, పట్టణపు పెద్దలకును ఒక విన్నపము. దగ్గుచున్న జీతగానిని పనినుండి తొలగించుట జాగ్రత్త యని కొందరు తలతురు. అది జాగ్రత్త గాదు. ఒక్కని తొలగించిన మరునాటినుండి పదిమంది తమ దగ్గును దాతురు. దాచిన దగ్గే ఊరికి చేటు. ఆడపిల్ల పెండ్లి చెడునని మందును రహస్యముగా మ్రింగించు తల్లిదండ్రుల భయమును ఇట్టిదే. మందు సరిగా పడిన కొలదివారములలోనే రోగివలన అంటుభయము మిక్కిలి తగ్గును. 1912లో మదనపల్లెయొద్ద ఆరోగ్యవరము స్థాపితమైనకాలమున మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము తప్ప రోగికి గతి లేదు. మందులు వచ్చిన తర్వాత మద్రాసులో జరిగి 1959లో ప్రకటితమైన పరిశోధన, ఇంటనుండి మందు తినిన రోగి ఆరోగ్యశాలలోనివానివలెనే కోలుకొనుననియు, అందువలన ఇంటివారికి అధికాపాయము లేదనియు నిరూపించి, ప్రపంచమంతటి చికిత్సాపద్ధతినే మార్చినది. మన తెలుగువారి పొరుగున తేలిన సత్యమును మనమే మరచుట తగునా?

ఆహారమును మరువరాదు. జార్ఖండులో క్షయరోగుల కుటుంబములలోని పెద్దలకు నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు చొప్పున ఇచ్చి చూడగా, ఆ ఇండ్లలో కొత్తగా క్షయ సోకుట నూటికి సుమారు 40 వంతులు తగ్గినట్లు 2023లో ప్రకటింపబడినది. రోగి పోషణకై ప్రభుత్వము 2018నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరునుండి 1000 రూపాయలును ఏర్పరచినది. దానికి తోడుగా, ధాన్యపుకొట్లు గల గృహస్థుడు తన ఊరి రోగికుటుంబమునకు ఆరు నెలలు బియ్యము, పప్పు ఇచ్చుట ఎంత భారము? అది దానము మాత్రమే గాదు, తన ఇంటికి కట్టుకొను కంచె.

2025 నాటికి క్షయను దేశమునుండి తరుముదుమని 2018లో మన ప్రభుత్వము సంకల్పించెను. ఆ సంవత్సరము వచ్చినది, క్షయ పోలేదు. కామారెడ్డిలో 2023లో వైద్యకళాశాలయు వెలసినది. వైద్యులుండియు, మందులుండియు కొరవడినదేమన, దగ్గువాని చేయి పట్టుకొని దవాఖానాకు గొనిపోవు పొరుగువాడు. ఆ పొరుగువారు ఈ రెండు పట్టణములలోను, వాని పల్లెలలోను ముందునకు వత్తురని మేము ఆశించుచున్నాము.